పన్నెండు టిక్కుల్లో ఒకటి

పోర్ట్‌ఫోలియో క్లాసులో ఈ రోజు, ఏ రంగాలకు డిజైన్ చేస్తారో రెండు ఎంచుకోమన్నారు. దేన్ని వదిలితే ఏ ఉద్యోగం పోతుందోనన్న భయంతో ఫారంలోని పన్నెండింటికీ టిక్ పెట్టాను.

"వీటిలో ఏది చెయ్యనంటావు?" అని ట్యూటర్ అడిగారు.

"బెట్టింగ్ యాప్స్. మా అమ్మ ఒప్పుకోదు."

"అది మీ అమ్మ జవాబు. మరి నీది?"

ఈ పరాయి దేశంలో నేనుండే హారిస్ పార్క్‌లో రైలు దిగగానే భీమవరంలో ఉన్న అమ్మకు ఫోన్ చేసి బెట్టింగ్ యాప్స్ సంగతి చెప్పాను. ఆదివారం చర్చి మానదు, ఇంట్లోకి పేకముక్క రానివ్వదు.

"బొమ్మలెయ్యడమే కదే, నిన్నేం ఆడమనట్లేదుగా. ముందు ఉద్యోగం రానీ," అంది.

అయినా ఫారంలో బెట్టింగ్ యాప్స్ పక్కనున్న టిక్ తీసేశాను. దాక్కోవడానికి ఇప్పుడు అమ్మ చాటు కూడా లేదు. మీరు మొదటిసారి వద్దన్న పని ఏది?