గింజలో జీవాలు

సమ్మెతో బస్సులు ఆగిపోయిన వానాకాలం అది. నేను జగిత్యాలలో వ్యవసాయం చదువుతున్నాను. మొక్కజొన్న గింజ పుట్టినప్పటి నుంచి గట్టిపడేదాకా దాని లోపల ఏయే సూక్ష్మజీవులు కాపురముంటాయో చూడటం నా పని. పాలు పోసుకునే గింజలో ఉండే గుంపు వేరు, పిండి కట్టిన గింజలో వేరు. తడి తగ్గేకొద్దీ కొన్ని చస్తాయి. గట్టిపడ్డాక మిగిలినవే మొలకతో పాటు బయటికొస్తాయి. మూడు దశల కంకులూ ఒకే చేనులోవి కావాలి.

ఆ చేను కోరుట్ల దగ్గర ఒక పెద్దమ్మది. ఇంటాయన దుబాయిలో ఉంటే ఒక్కతే ఒక కంపెనీ కోసం విత్తన పంట వేసింది. నేను రెండోసారి వెళ్లి పిండి కట్టిన కంకులు తెంపుతుంటే, ఇవెందుకని అడిగింది. గింజ లోపల కంటికి కనబడని జీవులుంటాయన్నాను. ఆమెకు జీవాలని వినబడింది. మా వైపు జీవాలంటే గొర్రెలు, మేకలు. పక్కన పసుపు చేనులో కలుపు తీస్తున్న ఆడవాళ్లు నడుములెత్తి చూశారు.

"గింజల గొర్లున్నయట. మరి మేపెటోడేడి?" అన్నదొకామె.

నాది మరమగ్గాల సిరిసిల్ల అని వాళ్లకు తెలుసు. సాంచెల సప్పుడుకు ఈ పిల్ల చెవులే కాదు, మెదడు గూడ పోయిందని ఇంకొకామె అంది. అందరూ నవ్వారు. "పురుగులసొంటివి" అని గొణిగి, సంచి సర్దుకుని వచ్చేశాను.

ఊరు తిరిగేసరికి ఆ మాటకు 'సొంటివి' అన్న తోక ఊడింది, పురుగులు మిగిలాయి. కంపెనీ తరఫున విత్తనం కొనే ఆర్గనైజర్, పురుగు పట్టిన చేను తనకొద్దన్నాడు.

ఇదేదీ తెలియక గట్టి గింజ కోసం షేర్ ఆటోలో బయల్దేరాను. కోరుట్లలో ఆటో ఆగింది. తెలంగాణ కోసం వంటా వార్పు. నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి వండుతున్నారు. గంజి వారుస్తున్న పెద్దమ్మ నన్ను చూసి గంటెతోనే లేచి వచ్చింది.

"నా చేనుకు పురుగువట్టిందన్నది నువ్వే గదా. గదే నోటితోని లేదని సెప్పు. ఆర్గనైజర్ గీడనే ఉన్నడు."

ఆయన విస్తరి ముందు కూర్చుని ఉన్నాడు. అందరూ నా వైపు తిరిగారు. వాళ్లందరి మీదా నాకు అసహ్యం వేసింది. నేనన్నది తప్పు కాదు. పురుగులు లేవన్నాను. వినబడలేదన్నారు. గట్టిగా అన్నాను.

మరి లోపల ఏవో ఉన్నాయంటివి గదా అని ఆర్గనైజర్ తగులుకున్నాడు.

"మీ కంపెనీ సంచులల్లున్న గింజలల్ల గూడ ఉంటయి. అవి లేని గింజ ఒక్కటి తెచ్చి చూపియ్యుండ్రి" అన్నాను.

"అయితే నీ సంచులల్ల గూడ గొర్లున్నయి, ఆర్గనైజరూ" అని పొయ్యి దగ్గరి నుంచి ఎవరో అందుకున్నారు. నవ్వు ఆయన మీదికి మళ్లింది. కంపెనీ పేరు ఇంకా రోడ్డున పడకముందే, పంట కోసం రేపు లారీ పంపుతానని ఆయన చెయ్యి కడుక్కున్నాడు.

నేను చేను వైపు కదిలాను. పెద్దమ్మ అడ్డం నిలబడింది.

"కంకి ముట్టకు. నీకు ఇంకో మాట దొరుకుతది, నాకు చేను పోతది."

తినమని కూడా అనలేదు. ఖాళీ సంచితో జగిత్యాల ఆటో ఎక్కాను. ఆ చేను గింజ గట్టిపడ్డాక లోపల ఏవి మిగిలాయో నాకు తెలియదు.