బాపు నడుము, నా నౌకరి

ఆ రోజుల్లో మా గోదావరిఖని క్వార్టర్లలో మగవాళ్ళకు నలభై ఐదు దాటాయంటే తెల్లజుట్టు కంటే ముందు నడుము సంగతి బయటపడేది. బాయిలో (మేం బొగ్గు గనిని బాయి అనే అంటాం) ఏళ్ళ తరబడి తట్టలు మోసిన నడుములు మరి. మా బాపు నడుము ఒక ఎండాకాలం ఎంతగా పట్టేసిందంటే, మంచం మీద నుంచి లేవాలంటే ముందు పక్కకు దొర్లి, గోడ పట్టుకుని, ఇంట్లో అందరినీ ఒకసారి తిట్టి లేచేవాడు. చివరికి ఆయన్ని మెడికల్ బోర్డుకు రాశారు. బోర్డువాళ్ళు అన్‌ఫిట్ అంటే బాపుకు విశ్రాంతి, ఆయన నౌకరి నాకు. ఇరవై రెండేళ్ళొచ్చి ఖాళీగా తిరుగుతున్నవాడికి అంతకంటే ఏం కావాలి? నేను అప్పుడే బూట్లు కొనేసి, అలవాటు కావాలని ఇంట్లో టకటకా నడుస్తుండేవాణ్ణి. సైకిల్ షాపులో దొరికిన పనిని కూడా మనకెందుకులే అని వదులుకున్నాను.

అవ్వకు మాత్రం (మా వైపు నాన్నను బాపు అనీ, అమ్మను అవ్వ అనీ పిలుస్తాం) బాపు మూలుగులు వింటూ కూర్చోవడం చేతకాలేదు. ఒకరోజు వెళ్ళి మాలీష్ చేసే పహిల్వాన్ చాచాను పిలుచుకొచ్చింది. క్వార్టర్లలోని నడివయసు మగవాళ్ళందరి మెడలూ భుజాలూ పిక్కలూ ఆయన చేతికి తెలిసినవే. (విరిగిన ఎముకైతే మాత్రం "దవాఖానకు పోండ్రి" అని ముట్టుకునేవాడు కాదు.) ఆయన్ని చూడగానే బాపు గాభరా పడ్డాడు.

"భాయ్, నొప్పి తగ్గియ్. కానీ నడుము మొత్తానికే మంచిగ చెయ్యకు. బోర్డు అయ్యేదాక జరంత ఉంచు. పోరనికి నౌకరి రావాలె."

చాచా మీసం దువ్వుకున్నాడు. "సగం మాలీష్ మా ఖాందాన్ల ఎవ్వడు చెయ్యలే. చేస్తె పూరా చేస్త, లేకుంటె పోత."

"పూరానే చెయ్ భాయ్," అంది అవ్వ. "ముందుగాల మనిషి లేచి కూసుండాలె. నౌకరి సంగతి ఎన్కశీరి చూద్దం."

ఇక రోజూ ఇల్లంతా వెల్లుల్లి, వాము వేసి కాచిన నువ్వులనూనె వాసనే. బాపును చాప మీద బోర్లా పడుకోబెట్టి చాచా మోచేత్తో వెన్ను పొడుగునా దిగుతుంటే, కాళ్ళు పట్టుకునే డ్యూటీ నాది. "గట్టిగ పట్టు బేటా, మీ బాపు ఉరుకుతడు," అనేవాడు. నా నౌకరి ఆ చేతుల కింద కొంచెం కొంచెంగా కరిగిపోతోందని తెలుస్తూనే ఉంది. అయినా బాపు "అబ్బ, పాణం నిమ్మలమైందిరా" అన్నప్పుడల్లా సంతోషమూ ఆగేది కాదు. ఇలా ఏడవాలో నవ్వాలో తెలియని అవస్థ పగవాడికి కూడా వద్దు.

బోర్డు రోజున పక్కింటి బావ "ఎక్కడ ముట్టుకున్నా గట్టిగ మూలుగు మామ" అని నేర్పి మరీ పంపాడు. లోపల డాక్టరు "ఒకసారి వంగండి" అన్నాడు. తలుపు సందులోంచి నేను చూస్తున్నాను. బాపు భయం భయంగా వంగాడు. నొప్పి రాలేదు. ఇంకొంచెం వంగాడు. వేళ్ళు నేలకు తగిలాయి. ఎన్నో ఏళ్ళ తర్వాత తన కాలి బొటనవేలిని తాను ముట్టుకున్న సంబరంలో ఆయన బోర్డునూ, బావ చెప్పిన పాఠాన్నీ, నన్నూ మరిచిపోయాడు. "సారూ, చూడున్రి, మళ్ళ వంగుత!" అన్నాడు. డాక్టరు నవ్వు ఆపుకుంటూ ఫిట్ అని రాశాడు.

ఆ సాయంత్రం మా ఇంటికి పరామర్శలు మొదలయ్యాయి. ఒళ్ళు బాగైనందుకు ఓదార్పులు అందుకున్న మనిషి లోకంలో మా బాపు ఒక్కడేనేమో. "అయ్యో, మొత్తానికే మంచిగైందట గదా," అని ఎదురింటి అక్క కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "ఫికర్ చెయ్యకు మామ, మళ్ళ పట్టేస్తది," అని బావ ధైర్యం చెప్పాడు. నేను లోపలి గదిలో చాపలో ముఖం పెట్టుకుని ఏడుస్తుంటే బాపు వచ్చి పక్కన కూర్చున్నాడు. "ఏం చెయ్యాల్నో తెల్వలే బిడ్డా. నడుము దానంతట అదే వంగింది," అన్నాడు, దొరికిపోయిన పిల్లాడిలా. నాకు కోపం రాలేదు. ఆయన గోడ పట్టుకోకుండా లేచి వెళ్ళడం చూసి ఇంకా ఏడుపొచ్చింది, ఎందుకో ఇప్పటికీ సరిగా చెప్పలేను.

తర్వాత పెద్దపల్లిలో మోటార్లు చుట్టే పని నేర్చుకుని, ఆ కొట్టుతోనే సంసారం ఈదుకొచ్చాను. వంగి వంగి ఇప్పుడు నాకూ నడుము పట్టేసింది. డాక్టరు చూసి భయమేమీ లేదన్నాడు. చాచా పోయి చాలా ఏళ్ళయింది. మొన్న ఆదివారం బాపు, డెబ్బై ఎప్పుడో దాటిన మనిషి, బజారు నుంచి కూరగాయలతో నడిచొచ్చి నా మూలుగు విన్నాడు. "ఏందిరా, గీ వయసుకే గిట్లనా? బోర్ల పండు," అని తనే నూనె కాచి తెచ్చాడు. ఆ మొరటు అరచేతులు నా వీపు మీద దిగుతుంటే, చాపలో ముఖం పెట్టుకున్న ఆ ఇరవై రెండేళ్ళ పోరడు గుర్తొచ్చాడు. అంతా పోయిందనుకున్నాడు, పిచ్చివాడు. నవ్వొచ్చి ఒళ్ళంతా కదిలింది.

"నవ్వకురా," అన్నాడు బాపు. "చెయ్యి జారుతాంది."