లోపలి గడియ

మణుగూరు బొగ్గు గనుల కాలనీలో నన్ను కోచింగ్ రామన్న అనేవారు. ఎంసెట్ కోచింగ్ కాదు, అన్‌ఫిట్ కోచింగ్. జబ్బుతో ఇక పనికిరాడని మెడికల్ బోర్డు రాసిస్తే కార్మికుడు దిగుతాడు, అతని కొడుకు ఎక్కుతాడు. అప్పట్లో మా గనిలో పద్ధతి అది. అందుకని నలభై ఎనిమిది దాటి, ఇంట్లో ఖాళీగా తిరిగే కొడుకున్న ప్రతివాడికీ ఏదో ఒక జబ్బు కావలసి వచ్చేది. ఏ జబ్బు ఎలా చెప్పాలో నేను నేర్పేవాడిని. నడుం నొప్పి ఎక్స్‌రేలో దొరికిపోతుంది. నిద్ర పట్టదు, చేతులు వణుకుతాయి, గుండె దడ, ఊపిరాడదు అని చెబితే ఏ మిషనూ పట్టుకోలేదు. ఫీజు ఒక చాయ్. ఈ ఘనకార్యం గురించి మీసం మెలేసుకుని చెప్పుకునేవాడిని కూడా. ఇప్పుడు చెబుతున్నది ఆరోగ్యం అనే మనిషి కథ కాబట్టి నా గొప్పలు ఇక్కడితో ఆపుతాను.

ఆరోగ్యం నా బండి పార్టనర్. గనిలో మట్టి మోసే పెద్ద లారీ డంపర్. ఒకే డంపర్‌ను మొదటి షిఫ్టు నేను, రెండో షిఫ్టు అతను నడిపేవాళ్లం. పొట్టి మనిషి, గట్టి మనిషి, మాట తక్కువ. ఆదివారం చర్చిలో డోలక్ వాయించేవాడు. భార్య సువార్తమ్మ అంగన్‌వాడీ టీచరు. ఒక్కడే కొడుకు ప్రభు, డిగ్రీ పాసై రెండేళ్లుగా ఇంట్లోనే ఉన్నాడు. పేరుకు తగ్గట్టు ఆరోగ్యానికి జ్వరం రావడం కూడా నేను చూడలేదు. అందుకే, వీడికి అన్‌ఫిట్ రావాలంటే నేనే రంగంలోకి దిగాల్సి వస్తుందని అందరి ముందూ ఆట పట్టించేవాడిని.

రెండువేల రెండు వానాకాలంలో ఆ ప్రమాదం జరిగింది. డంపర్ కేబిన్ నేల నుంచి పన్నెండడుగుల ఎత్తులో ఉంటుంది. బండికి ముందు, దగ్గర్లో ఉన్నది ఏదీ డ్రైవర్‌కు కనిపించదు. ఆ మధ్యాహ్నం జీపు డ్రైవర్ గోపాలు సరిగ్గా ఆ చోట జీపు ఆపి కూర్చున్నాడు. ఆరోగ్యం హారన్ కొట్టి కదిలాడు. జీపు నుజ్జునుజ్జయింది, గోపాలు అక్కడికక్కడే పోయాడు. గోపాలుతో పనిచేసేవాళ్లు నిచ్చెనెక్కి ఆరోగ్యాన్ని కేబిన్‌లోంచి లాగి కొట్టారు. తర్వాత విచారణలో, ఆగకూడని చోట జీపు ఆగింది, ఆరోగ్యం తప్పేమీ లేదని తేల్చారు. పదిహేను రోజులకు డ్యూటీ ఎక్కమన్నారు.

ఎక్కాడు. కానీ ప్రతి ట్రిప్పుకూ రెండు మూడుసార్లు బండి ఆపి, దిగి, టైర్ల కిందకు వంగి చూడటం మొదలుపెట్టాడు.

"ఏంది తమ్మీ, గిట్ల దిగుడేంది?" అని అడిగాను.

"అన్నా, ఆ రోజు నాకు ఒక్క కుదుపు గూడ తెల్వలే. మనిషి మీదికెళ్లి పోయిన, రాయి మీదికెళ్లి పోయినంత గూడ తెల్వలే. గందుకే, ఏం తెల్వకపోతెనే భయమైతది."

షిఫ్టు మారేటప్పుడు నన్ను ఒక్క ట్రిప్పు పక్కన కూర్చోమనేవాడు. నేను కిటికీలోంచి తల బయటపెట్టి, "ఏం లేదు, పోనియ్," అంటే ఆ పూటకు అతనికి ధైర్యం. కూర్చునేవాడిని, అన్‌ఫిట్ కోసం ముందునుంచే రంగం సిద్ధం చేసుకుంటున్నాడని లోపల మెచ్చుకుంటూ. నా తెలివి అలా ఏడ్చింది.

డ్రైవర్‌ను మళ్లీ ఎవరూ లాగి కొట్టకుండా రెండు నెలలకు కొత్త ఆర్డర్ వచ్చింది. కేబిన్‌లో డ్రైవర్ తప్ప ఇంకెవరూ ఉండరాదు. తలుపుకు లోపల గడియ పెట్టుకోవాలి. బండి దారిలో ఉండగా దిగరాదు. క్లాసు చెప్పడానికి వచ్చిన సేఫ్టీ ఆఫీసరు, అమెరికాలో విమానాలతో మేడలు కూల్చిన తర్వాత పైలట్ల గదికి కూడా ఇలాగే లోపల తాళం పెట్టారని చెప్పాడు. "మీరూ పైలట్లే," అన్నాడు. మావాళ్లు ఉబ్బిపోయారు.

ఆరోగ్యం ఒక్కడే లేచి నిలబడ్డాడు. "సార్, లోపలున్నోనికే బాగ లేకపోతె?"

క్లాసంతా గొల్లుమంది. నేనూ నవ్వాను. ఆఫీసరు కూడా నవ్వి, "అందుకేగా ఏడాదికోసారి మెడికల్ చేస్తున్నాం," అన్నాడు. ఆ మెడికల్‌లో కళ్లు చూస్తారు, చెవులు చూస్తారు, బీపీ చూస్తారు. మనసు ఎలా ఉందని అడగడం నేను ముప్పై ఏళ్ల సర్వీసులో వినలేదు.

ఆ గడియ పడ్డాక ఆరోగ్యం అడకత్తెరలో పోకచెక్క అయ్యాడు. దిగితే మెమో, దిగకపోతే కింద ఎవరో ఉన్నారన్న భయం. ఒకరోజు నా ఇంటికి వచ్చి, లుంగీ అంచు పిండుకుంటూ కూర్చున్నాడు.

"అన్నా, నిద్ర పడ్తలేదు. గడియ పెట్టంగనే ఊపిరాడ్తలేదు. చేతులు వణుకుతున్నయ్."

నేను పకపకా నవ్వాను. "శాబాష్ తమ్మీ. నేను చెప్పకముందే నేర్చినవ్. గుండె దడ గూడ కలుపు."

"అది గూడ ఉన్నదన్నా," అని లేచి వెళ్లిపోయాడు. చాయ్ తాగలేదు.

దవాఖానాకు వెళ్లాడు. డాక్టరు అంతా విని, "కొడుకు వయసెంత?" అని అడిగి, బలం గోలీలు రాసిచ్చి పంపాడు. నల్లా దగ్గర ఆడవాళ్లు సువార్తమ్మతో, మీ ఆయన మంచి ప్లానే వేసిండని అన్నారు. ఆమె బిందె నింపకుండానే ఇంటికి వచ్చేసింది. వీటన్నిటికంటే పెద్ద దెబ్బ ప్రభు కొట్టాడు. వాడు చెడ్డవాడు కాదు, ఆశపడ్డాడు. "నాయినా, బోర్డు ముంగట జర గట్టిగ చెప్పు, సగం సగం చెప్పకు," అన్నాడట. ఆ మాట నాకు చెబుతూ ఆరోగ్యం ఏడ్చాడు. నాకప్పుడు మొదటిసారి అనుమానం వచ్చింది. అయినా అనుమానంగానే ఉంచుకున్నాను.

ఆ తర్వాతి ఎండాకాలంలో ఒకరోజు, డ్యూటీ దిగి ఇంట్లో అన్నం ముందు కూర్చోగానే జీపు వచ్చింది. ఆరోగ్యం లోడు బండిని దారి మధ్యలో ఆపేశాడు, గడియ తీయడం లేదు, వెనుక పదకొండు డంపర్లు నిలిచిపోయాయి, నువ్వైతే చెప్పగలవు రమ్మన్నారు. వెళ్లి నిచ్చెనెక్కాను. అద్దం అవతల అతను రెండు చేతులతో స్టీరింగ్ పట్టుకుని, కాలు బ్రేకు మీద పెట్టి బిగుసుకుపోయి ఉన్నాడు. ఒంటి మీది చొక్కా పిండితే నీళ్లు కారేలా ఉంది.

"గడియ తియ్ తమ్మీ."

"కింద ఎవరో ఉన్నరన్నా. కాలు తీస్తె బండి కదులుతది."

"ఎవ్వలు లేరు."

"నువ్వు చూడలే. చూడకుండనే చెప్తున్నవ్. ఎప్పుడు గంతే చెప్తవ్."

నిజమే. ఆ తల బయటపెట్టడం కూడా నేను ఉత్తుత్తిగానే చేసేవాడిని. కిందికి దిగాను. ఆఫీసర్లు, డ్రైవర్లు అందరూ చూస్తుండగా దుమ్ములో పొట్ట మీద పాకి ఆరు టైర్లూ చూశాను. రాళ్లు తప్ప ఏమీ లేవు. మళ్లీ ఎక్కి, మట్టి కొట్టుకుపోయిన చొక్కా అద్దానికి ఆనించి, "చూసిన తమ్మీ, ఆరు చూసిన," అన్నాను. అప్పుడు గడియ తీశాడు. దించుతుంటే అతని చెయ్యి నా భుజం మీద కోడిపిల్లలా కొట్టుకుంటోంది. అది నటన కాదని ఆ క్షణం నాకు తెలిసింది. ఇంకెవరికీ తెలియకపోయినా నాకు తెలిసింది.

నెలకు బోర్డు కూర్చుంది. పార్టనర్‌నని నన్నూ పిలిచారు. ఆరోగ్యం చెప్పాల్సిందంతా చెప్పాడు. పెద్ద డాక్టరు ఫైలు మూసి, "నిద్ర రాదు, చేతులు వణుకుతాయి, గుండె దడ, ఊపిరాడదు. ఈ ఏడాది తొమ్మిది మంది ఇవే మాటలు, ఇదే వరుసలో చెప్పారు. మీకు ఇవి ఎవరు నేర్పుతున్నారు?" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు. "రామన్నా, నువ్వు చెప్పు. ఇతనిది నిజమేనా?"

ఆ తొమ్మిది మందిలో ఏడుగురు నాకు చాయ్ తాగించి నేర్చుకున్నవాళ్లు. నిజమంటే, నీకెలా తెలుసని తవ్వుతారు. తవ్వితే నా నౌకరీ పోతుంది. తేలు కుట్టిన దొంగనయ్యాను. తల వంచుకుని, "నాకు తెల్వదు సార్," అన్నాను.

ఆరోగ్యం జేబులోంచి మడతపెట్టిన కాగితం తీసి బల్ల మీద పెట్టాడు. తెల్లవారుజామునే రాసి తెచ్చుకున్నాడట, వాడకుండా ఉంటే బాగుండునని ప్రార్థన చేసి మరీ వచ్చాడట. 'నన్ను డంపర్ దించండి. ఏ పని ఇచ్చినా చేస్తాను. నా కొడుకు ప్రభుకు ఉద్యోగం అడగను.' కింద సంతకం. డాక్టరు రెండుసార్లు చదివి, మొదటిసారి అతని మొహం వైపు సరిగ్గా చూశాడు. "కూర్చోవయ్యా," అన్నాడు. అంతవరకూ అతన్ని నిలబెట్టే మాట్లాడారు.

అతనికి గని నర్సరీలో మొక్కలకు నీళ్లు పోసే పని ఇచ్చారు. ప్రభు ఇల్లు వదిలి అశ్వారావుపేట వెళ్లి, పామాయిల్ గెలలు తోలే ట్రాక్టర్ మీద కుదిరాడు. తండ్రితో మాట మానేశాడు. సువార్తమ్మ ఇద్దరి మధ్యా నలిగింది. కాలనీలో మాత్రం, పాపం ఆరోగ్యానికి యాక్షన్ సరిగ్గా రాలేదు, కొడుకు నోట్లో మట్టి కొట్టిండని చెప్పుకున్నారు.

ఏడాది తిరిగాక ప్రభు మణుగూరు బస్టాండులో కనిపించాడు. తల్లిని చూసి తిరిగి వెళుతున్నాడు.

"పెద్దనాయినా, నువ్వన్నా నిజం చెప్పు. నాయినకు నిజంగనే గట్ల ఉండెనా?"

"ఉండె బిడ్డా. బండి కింద పాకి చూసింది నేనే. మీ నాయిన చెయ్యి పట్టుకున్నది నేనే."

అశ్వారావుపేట బస్సు వచ్చింది. వాడు ఎక్కలేదు.

"మరి బోర్డుల గా మాట ఎందుకు చెప్పలే?"

ఇంతమందికి ఇన్ని మాటలు నేర్పినవాడిని. నా దగ్గర ఒక్కటే మిగిలింది.

"భయమైంది బిడ్డా," అన్నాను.

వాడు తల ఊపాడు. నమ్మాడు. సాక్ష్యం అడగలేదు, కాగితం అడగలేదు. వాళ్ల నాయిన ఏడాదిపాటు నా ఇంట్లో, దవాఖానాలో, బోర్డు ముందు చెప్పింది ఆ ఒక్క మాటే. అప్పుడు ఎవరమూ నమ్మలేదు.