నల్లబల్ల మీద సర్వర్ బోర్డు

మా బావ గట్టిగా మాట్లాడతాడు. కోపం వచ్చి కాదు, అలవాటు. ఇరవై రెండేళ్లు ఒక కంపెనీ సర్వర్ గదిలో, వందల ఫ్యాన్ల మోతలో పనిచేశాడు. పక్కనున్నవాడికి మంచినీళ్లు కావాలని చెప్పాలన్నా అరవాలట అక్కడ. ఇంట్లో కూడా "ఉప్పు అందుకో" అంటే వీధి చివరి వాళ్లు అందుకోవాల్సిందే.

పోయినేడు ఆ కంపెనీ సర్వర్ గదిని మూసేసింది. యంత్రాలను పాతసామాన్ల కొట్టుకు తోలింది, బావను ఇంటికి పంపింది. వారం తిరగకుండానే బావ ఆ కొట్టుకు పోయి, తను రోజూ తుడిచిన యంత్రాల్లోంచి ఒక మదర్‌బోర్డును వెతికి పట్టుకుని, పసిబిడ్డను తెచ్చినట్టు రెండు చేతుల మీద ఇంటికి తెచ్చాడు.

చూసి నేను నవ్వాను. మామూలు కంప్యూటర్ బోర్డు పుస్తకమంత ఉంటుంది. ఇది నిలువూ అడ్డమూ అడుగు దాటింది. ప్రాసెసర్లు ఒకటికి రెండు, ర్యామ్ స్టిక్కులు పదహారు. బజార్లో దొరికే ఏ కేబినెట్‌లోనూ పట్టదు. పట్టినా కేబినెట్ స్క్రూ కంతలు ఒకచోట, బోర్డు కంతలు ఇంకోచోట.

"ఏనుగును ఏ గదిలో కట్టేస్తావు బావా?" అన్నాను.

దానికి చోటు చూపించింది మా అక్క.

అక్క లెక్కల టీచరు. ఊపిరితిత్తులు చెడి బడి మానేసి మూడేళ్లయింది. కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుంటుంది. ముక్కుకు సన్నటి గొట్టం, ఆ గొట్టం చివర చిన్న సూట్‌కేసంత ఆక్సిజన్ మిషన్. అది కరెంటుతో నడుస్తుంది. కరెంటు పోతే పక్కనున్న సిలిండర్‌కు గొట్టం మార్చాలి. పావుగంట ఆలస్యమైతే అక్క మనకు దక్కదు. ఆ ఇంట్లో అన్నిటికన్నా ముందు తెలుసుకోవాల్సిన సంగతి అదే.

ఇంట్లో పిల్లలకు లెక్కలు చెప్పిన నల్లబల్లను గోడ మీద నుంచి తీయించి అక్క బావకిచ్చింది. బావ నాలుగుసార్లు కొలిచి తొమ్మిది కంతలు వేశాడు. ఒక్కో కంత మీద ఒక్కో ఇత్తడి గుబ్బ బిగించి, వాటి మీద బోర్డు కూర్చోబెట్టాడు. ఒక్క గుబ్బ తప్పుచోట తగిలినా బోర్డు మాడి చస్తుందట.

"లెక్కల బల్లకు మేకులు కొట్టనిచ్చావేంటక్కా?" అన్నాను.

"మేకులు కాదురా, స్క్రూలు," అని అరిచాడు బావ.

"ఇప్పుడైనా లెక్కలు చేసేది ఆ బల్లేగా," అంది అక్క.

మొదటిసారి ఆన్ చేస్తే దానికి బిగించిన ఆరు ఫ్యాన్లూ ఒక్కసారి హోరెత్తాయి. పక్కింటాయన గోడ మీంచి తొంగిచూశాడు. వాటిని నెమ్మది చేయడానికి బావకు పది రోజులు పట్టింది. ఆ తర్వాత యంత్రం పొద్దస్తమానం పెద్ద పెద్ద ప్రధాన సంఖ్యల కోసం వెతికేది. సాయంత్రం అక్క, "ఇవాళేమైనా పడిందా?" అని అడిగేది. బావ అంకెలు గట్టిగా చదివేవాడు. ఉద్యోగం పోయినవాడికి ఇదో పిచ్చి, అక్క పాపం సరిపెట్టుకుంటోంది అనుకున్నాను.

నేను ఎలక్ట్రీషియన్ని. ఆ ఇంటి వైరింగు పాతది, ఇల్లంతటికీ ఒకే లైను. గీజరూ సర్వరూ కలిసి నడిస్తే లోడు ఎక్కువై, మీటరు దగ్గరి ఎమ్‌సీబీ స్విచ్చు పడిపోయి ఇంట్లో కరెంటు ఆగిపోతోందని బావ మొదటి వారంలోనే కనిపెట్టాడు.

"బామ్మర్దీ, అక్క మిషన్‌కి వేరే లైను లాగాలిరా," అన్నాడు.

"ఆదివారం వస్తా బావా. అప్పటిదాకా గీజర్ వేసినప్పుడు నీ ఏనుగును ఆపు," అన్నాను.

ఆ ఆదివారం ఒక కొత్త ఇంటి పని తగిలింది. తర్వాతి ఆదివారం ఇంకొకటి. బావ మళ్లీ అడిగాడు. నేను మళ్లీ వస్తానన్నాను. సొంతవాళ్ల పనేగా, ఎప్పుడైనా చేసుకోవచ్చు అనుకున్నాను.

ఇక ఆ రోజు సంగతి. సర్వర్ గదిలో మొదటి నియమం ఒకటుంది. కరెంటు పోయి వస్తే యంత్రం ఎవరికోసమూ చూడకుండా తనంతట తాను లేవాలి. అన్నీ ఒక్కసారే లేస్తే లైను తట్టుకోదు కాబట్టి కాసేపు ఆగి లేవాలి. బావ ఇరవై రెండేళ్లు ప్రతి యంత్రానికీ అలాగే పెట్టాడు. ఇంట్లో దీనికీ అలాగే పెట్టాడు, ఐదు నిమిషాలు ఆగి లేచేలా. ఆలోచించి పెట్టింది కాదు, చెయ్యి పెట్టేసింది.

పొద్దున పదింటికి కరెంటు పోయింది. బావ గొట్టాన్ని సిలిండర్‌కు మార్చాడు. అరగంటకు కరెంటు వచ్చింది. తిరిగి మిషన్‌కు మార్చి, గ్యాస్ వృథా కాకుండా సిలిండర్ వాల్వును గట్టిగా బిగించి, సర్వరు చల్లగా పడుందని చూసుకుని, అక్క మాత్రలు తేవడానికి చెప్పులేసుకుని వెళ్లాడు. గీజర్ స్విచ్ వేసే ఉంది. ఐదు నిమిషాలకు సర్వరు లేచింది. లేచి లెక్క మొదలుపెట్టింది. ఎమ్‌సీబీ పడింది.

కరెంటు మళ్లీ పోయింది, వస్తుందిలే అనుకుంది అక్క. రాలేదు. సిలిండర్ వాల్వు తిప్పబోతే వేళ్లకు బలం చాలలేదు. బావ వచ్చేసరికి ఆమె పెదాలు నీలంగా ఉన్నాయి.

కబురంది నేను వెళ్లేసరికి బావ ఆమెను ఆస్పత్రికి తీసుకెళ్లిపోయాడు. పడిపోయిన ఎమ్‌సీబీ చూసిన నిమిషంలోనే సంగతేమిటో నాకు అర్థమైంది. ఆస్పత్రికి పోయి, వరండాలో పదిమంది ముందు బావ మీద విరుచుకుపడ్డాను.

"పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అంటే ఇదే! నీ ఆటకి మా అక్కని చంపుతావా?"

అంత గొంతున్న మనిషి కుక్కిన పేనులా కూర్చున్నాడు.

"తప్పు నాదేరా," అన్నాడు, నాకు మాత్రమే వినబడేలా.

మిగిలిన సగం తప్పు ఎవరిదో ఆ వరండాలో ఇద్దరికి తెలుసు. ఒకడు అరుస్తున్నాడు, రెండోవాడు ఊరుకున్నాడు.

తొమ్మిది రోజులకు అక్క ఇంటికొచ్చింది. ఇప్పుడు కుర్చీలో కూర్చోలేదు, మంచమే. బావ బోర్డును ఊడదీసి, గుడ్డలో చుట్టి బీరువా మీద పెట్టేశాడు. నల్లబల్ల గోడకు ఆనించి ఉంది, తొమ్మిది కంతలతో.

మర్నాడే వైరు చుట్ట భుజాన వేసుకుని వెళ్లాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఏమిటో నన్నడగండి. నిచ్చెన బావ పట్టుకున్నాడు. మీటరు నుంచి మంచం దాకా లైను లాగి, దానికో విడి ఎమ్‌సీబీ పెట్టి, మిషన్ దానికి తగిలించాను. బావ మూలన పడ్డ వైరు ముక్కలు ఏరి బయట పారేయడానికి వెళ్లాడు.

అక్క గోడ గడియారం వంక చూసింది.

"రెండు గంటల పనేనారా ఇది?"

నా తల తీసేసినట్టయింది. ఆమె గొంతులో కోపం లేదు, అదే భరించలేకపోయాను.

"ఆ అంకెలు ఆయన పిచ్చి కాదురా చిన్నోడా. నేనడిగాను. ఇంట్లో కూర్చుని నా బుర్ర తుప్పు పడుతోంది, ఏదైనా పెద్ద లెక్క పెట్టమన్నాను." ఊపిరి కోసం ఆగింది. "ఈ లైను లాగమని నీకు నాలుగుసార్లు చెప్పాడట. నాకొక్కదానికే చెప్పాడు. నీతో అనొద్దన్నాడు. నాకు తెలుసని తెలిస్తే సిగ్గుతో నువ్వు ఇంక ఈ గడప తొక్కవట."

బావ లోపలికొచ్చాడు. కొత్త లైను వంక, గోడ పొడవునా వరసగా కొట్టిన క్లిప్పుల వంక చూశాడు. ఆయన నోరు తెరిస్తే చాలు, ఎన్ని తిట్లయినా తినడానికి సిద్ధంగా నిలబడ్డాను.

"వైరు నీటుగా లాగావురా," అన్నాడు, పాతలాగే వీధి చివరిదాకా వినబడేలా. "అన్నం తినేసి వెళ్లు."