మసీదు మెట్ల కింద తల్లులు

మా బందరులో పిల్లలకు జ్వరమొస్తే తల్లులు సాయంత్రం ఎత్తుకెళ్లి మసీదు మెట్ల కింద నిలబడేవారు. అందులో హిందువులే ఎక్కువ. నమాజు ముగించుకుని వచ్చేవాళ్లు బిడ్డ ముఖాన దువా చదివి ఊది వెళ్లేవారు. నా చిన్నతనమంతా ఆ ఊపిరితోనే గడిచింది.

యుద్ధం రోజుల్లో మా ఊరి వారపత్రిక ఒకటి, అలా ఊది పిల్లలకు రోగాలు అంటిస్తున్నారని రాసింది. ఏ బిడ్డకో, ఏ వీధిలోనో రాయలేదు. అబద్ధానికి చిరునామా ఎందుకు? మర్నాడు మెట్ల కింద ఒక్క తల్లీ లేదు.

ఒళ్లు మండి సంపాదకుడి దగ్గరికి వెళ్లాను.

"మిమ్మల్నీ మీ అమ్మగారు అక్కడికి ఎత్తుకెళ్లారు గదండీ!"

ఆయన ప్రూఫు దిద్దుతూనే నవ్వాడు.

"అందరూ వెళ్లినవాళ్లేనండీ. అందుకే ఇంత భయపడ్డారు. వచ్చేవారం ఆ ఊదేవాళ్ల ఇళ్లు ఎక్కడెక్కడున్నాయో వేస్తున్నాం."