పటం వెనక కొబ్బరాకు సిలువ

కిందటేడు మట్టల ఆదివారం నాటి ఎండు మట్టలు ఇళ్ళనుంచి పట్టుకురమ్మని ఈ ఉదయం పూజయ్యాక ఫాదరుగారు చెప్పేరు. వాటిని కాల్చిన బూడిదే విభూది బుధవారం మా నుదుట పెడతారు. ఇంటికొచ్చి స్టూలెక్కి మరియమాత పటం వెనక దోపిన ఆకు సిలువ కోసం చెయ్యి పెట్టేసరికి, ఒకప్పుడు అక్కడుండిన మరో సిలువ గుర్తొచ్చింది.

పెళ్ళైన మొదటి ఏడు మట్టల ఆదివారం నాడు నా భార్య లేత కొబ్బరాకుతో దాన్ని అల్లి అక్కడ దోపింది. మరుసటి విభూది బుధవారం రాకముందే పుట్టింటికి వెళ్ళిపోయింది. నేను ఉప్పలగుప్తం వైపు రొయ్యల చెరువుల మీద మోటార్లు చూసే డిప్లొమా వాణ్ణి. ఏది ఆగినా కరెంటు వస్తోందా, వైరింగు బాగుందా, బేరింగు పట్టేసిందా అని వరసన చూసుకుంటూ పోతే లోపం ఎక్కడో దొరికేది. మా కాపురాన్నీ అలాగే విప్పి చూసుకున్నాను. నా డ్యూటీలు, అమ్మ మాటలు, కడుపులో నిలవని బిడ్డ, ఆ తరవాత మా ఇద్దరి మధ్యా పెరిగిన మౌనం, వీటిలో ఏ ఒక్కటీ చాలినంత కారణంగా కనిపించలేదు. అమలాపురం కోర్టులో విడాకులు వచ్చిన రోజున మా మేనత్త మాత్రం, "ఊళ్ళో మోటార్లన్నీ బాగుచేస్తావు గానీ కాపురం ఒక్కటీ నీ చేతకాలేదురా," అంది, కళ్ళు తుడుచుకుంటూనే.

చర్చికి వెళ్ళడం మానలేదు. కానీ పూజలో ఫాదరుగారు పంచే అప్పానికి, దివ్యసత్ప్రసాదానికి, అందరూ లేచినప్పుడు నేను చివరి బెంచీలో కూర్చుండిపోయేవాణ్ణి. విడాకులైనవాడు దాన్ని తీసుకోకూడదని ఎవరు చెప్పేరో తెలియదు. మావాళ్ళందరికీ తెలిసినట్టే నాకూ తెలుసనుకున్నాను. పక్కవాళ్ళు దాటుకు వెళ్ళడానికి మోకాళ్ళు తిప్పిన ప్రతిసారీ మళ్ళీ కోర్టులో నిలబడ్డట్టుండేది. పటం వెనక సిలువను కూడా కాల్చడానికి ఇవ్వలేదు, అదీ పోతే ఆమె చేతిది ఇంట్లో ఏదీ మిగలదని.

ఒక ఏడు, విభూది బుధవారానికి ముందు, చర్చి నీళ్ళ మోటారు చూడ్డానికి వెళ్తే ఫాదరుగారు పక్కనే నిలబడి అడిగేరు.

"సత్ప్రసాదానికి నువ్వెందుకయ్యా ఎప్పుడూ లేవవు?"

"విడాకులైనవాణ్ణి కదండీ."

"మళ్ళీ పెళ్ళి చేసుకున్నావా?"

"లేదండి."

"ఎవరితోనైనా ఉంటున్నావా?"

"అయ్యో, లేదండి."

"మరి నిన్నెవరు రావద్దన్నారు? నేననలేదు, తిరుసభా అనలేదు. నా దగ్గర పాపాలు ఒప్పుకుని, పాపసంకీర్తనం చేసుకుని రా."

"ఆయ్," అన్నాను. ఎవరూ వెయ్యని శిక్ష ఇన్నాళ్ళూ అనుభవించినందుకో ఏమో, స్పానరు చేతిలో ఉండగానే ఏడుపొచ్చింది.

ఆ సాయంత్రమే సిలువ తీసుకెళ్ళి ఇచ్చేశాను. ఇనప మూకుడులో అందరివాటితోపాటు భగ్గున మండి, ఏది ఎవరిదో తెలియకుండా బూడిదైంది. ఆ బూడిదే నా నుదుట పడింది. సత్ప్రసాదం నాలిక మీద పెట్టినప్పుడు దుఃఖం పోయిందని చెప్పను. ఇంటికొచ్చాక మాత్రం, చాలాకాలం తరవాత ఆకలేసింది.

ఇప్పుడు మా చర్చి గుమ్మం దగ్గర అల్లిన సిలువలే ఇస్తున్నారు. నా ఈడువాళ్ళు చాలామంది అల్లడం మరిచిపోయారు. నేను మాత్రం నాది నేనే అల్లుకుంటాను. ఈ ఉదయం తీసినది ఊడకుండా దారం కట్టి ఉంది. ఆమె అల్లినది దారం లేకుండానే మంటలో పడేదాకా విడలేదు. చివరి కొస ఎక్కడ దోపేదో, పక్కనే కూర్చుని చూస్తూ కూడా, అడగాలని అప్పుడు తోచలేదు.