రెస్టారెంటుకు నేనేసిన ముగ్గు

అప్పట్లో హోటలెక్కడుందో మనిషికి ముక్కే చెప్పేది. తాళింపు వాసన వచ్చిన వాకిట్లో చెప్పులు విడిచి లోపలికి దూరితే ఆకు వేసేవాళ్లు. ఫోన్లో నక్షత్రాలు లెక్కపెట్టి, ఫొటో తీసి, ఆ తర్వాత ఆకలి తెచ్చుకునే జనం అప్పటికింకా పుట్టలేదు. అట్లాంటి కాలంలో మా మామకు ఇంగ్లీషు బోర్డు పిచ్చి పట్టింది. ఆ పిచ్చి తిరిగి తిరిగి అక్షరం ముక్క రాని నా నెత్తిమీద ఎట్లా పడిందో చెప్తాను. (నవ్వేవాళ్లు నవ్వొచ్చు. నేనే ఆపుకోలేకపోతున్నాను.)

మాది పుత్తూరు. ఎముక విరిగినవాళ్లు కట్టు కట్టించుకోవడానికి నాలుగు దిక్కుల నుంచీ వచ్చే ఊరు. కట్టు కట్టించుకున్నవాళ్లకు మేకకాళ్ల సూపు పోసే కొట్టు మా అత్తామామలది. మిరియాలూ జీలకర్రా దంచి వేసి, తెల్లవారినప్పటి నుంచీ కట్టెల పొయ్యి మీద మరిగించే సూపు. మెడలో గుడ్డ ఊయల వేసుకుని సొంత చేతినే జోకొట్టుకుంటూ ఒకాయన, కొడుకు భుజం పట్టుకుని ఒంటికాలితో గెంతుకుంటూ ఇంకొకాయన. మా కొట్టు చూస్తే యుద్ధంలో ఓడిపోయిన సైన్యం టిఫిను చేస్తున్నట్టుండేది. నేను ఆ ఇంటికి కొత్త కోడలిని. సూపు పోయడం, గిన్నెలు తోమడం, అత్త తిడితే అవే గిన్నెలు ఇంకా గట్టిగా తోమడం, ఇదే నా ఉద్యోగం.

ఇట్లా ఉండగా మా ఎదురుగా ఒక ఆసామి కొత్త హోటలు కట్టాడు. అద్దాల తలుపులు, గిరగిర తిరిగే ఫ్యాన్లు, పైన ఇంత పొడుగు ఇంగ్లీషు బోర్డు. వాడు కూడా సూపు పోస్తాడని తెలిసినాక మా మామకు అన్నం సయించలేదు. మద్రాసు బస్సు దిగినవాళ్లంతా అటు మళ్లితే మా పొయ్యి ఆరిపోయినట్టే. "శుక్రారం వాడు తెరస్తాడంట. అదే పొద్దున మన బోర్డూ ఎక్కాల. అదీ ఇంగిలీసులో!" అని, బోర్డులు రాసే రంగులన్నను పిలిపించాడు. రంగులన్న గోడమీద సుద్దతో రెస్టారెంటు అని ఇంగ్లీషులో రాసి చూపించి, నడుమ 'యు' అనే అక్షరం ఒకటి ఉంటుందనీ, ఉంటుందేగానీ పలకదనీ, సగం మంది దాన్ని మింగేసి తప్పు రాస్తారనీ వివరించాడు.

"పలకనోడికి ఈడేం పనబ్బా? తీసి పారెయ్!" అన్నాడు మామ.

"తీసేస్తే తప్పయిపోతాదప్పా. అది ఉండాల్సిందే."

"పని సెయ్యదు, పలకదు, అయినా ఉండాల్సిందేనా? మా ఇంట్లో అట్లాంటి అల్లుడు ఒకడుండాడు, సాలదా?"

చివరికి 'యు' గెలిచింది. (అల్లుడు కూడా ఉన్నాడు, ఎక్కడికీ పోలేదు.)

గురువారం మధ్యాహ్నం రంగులన్న పలకకు నీలం రంగు పూసి ఆరబెట్టాడు. కొలత చూడాలని స్టూలెక్కి జారి పడ్డాడు. కుడి మణికట్టు పుటుక్కుమంది. పడేటట్టుంటే పుత్తూరులోనే పడాలి. లేచిన మనిషి లేచినట్టే పోయి, ఆకుపసరూ గుడ్డుసొనా పూసిన కట్టుతో తిరిగొచ్చి, మా బల్లమీదే కూర్చుని మా సూపే తాగాడు. మామా, మా ఆయనా చుట్టాలను పిలవడానికి శ్రీకాళహస్తి పోయి ఉన్నారు, మరుసటి పొద్దునగానీ రారు. కొట్లో ఉన్నది నేనూ అత్తా. రంగులన్న నన్ను ఎగాదిగా చూశాడు.

"సెల్లెమ్మా, వాకిట్లో ఆ మెలికల ముగ్గు ఎవురేసినారు?"

"నేనే అన్నా."

"గీత యాడా వణకలేదే! అయితే నేను ఎడంసేత్తో నేలమీద గీస్తా. నువ్వు దాన్ని సూసి పలక మీదికి దించు. అక్షరమంటే ఏముండాది, అదీ గీతే గదా!"

అట్లని పది వంకరటింకర బొమ్మలు గీసి, తెల్లరంగు డబ్బా నా ముందు పెట్టి, అబ్బా అమ్మా అని మూలుగుతూ బస్సెక్కి వాళ్లూరు పోయాడు.

నేను మొదటి అక్షరం దించానో లేదో అత్త వచ్చి వంగి చూసింది. "ఆగాగు. ఈ కాళ్లేంది, ఇట్ల వదిలేసినావు?"

"ఆయన అట్లనే గీసినాడత్తా."

"కలపకుండానా?"

మెలికల ముగ్గులో గీత బయలుదేరిన చోటికే తిరిగొచ్చి కలవాలి. తెంపు వదిలితే ఇంట్లోకొచ్చిన లక్ష్మి ఆ సందులోంచి వెళ్లిపోతుందని మా అమ్మ నాకూ, వాళ్లమ్మ మా అత్తకూ పావడాలు కట్టే వయసులోనే నేర్పారు. అట్లాంటిది, కొట్టు నిలబడుతుందో లేదో తెలియని రోజున, నెత్తిమీద పెట్టుకునే బోర్డులో ఎక్కడ చూసినా సందులే! "ఇంగిలీసు ఆడోళ్లకు ముగ్గేసేది ఎవురూ నేర్పలేదా ఏంది?" అని ఆశ్చర్యపోయి, "పాపం, నొప్పిలో మర్సిపోయినట్టుండాడు. నువ్వు కలిపెయ్" అంది అత్త. కలిపేశాను. 'ఆర్' కాళ్లు రెండూ కలిపాను. 'ఈ' నిచ్చెనైంది. 'ఎస్' ఎనిమిదైంది. ఒంటికాలి మీద నిలబడ్డ 'టి'ని చూడలేక దాని చుట్టూ ఒక మెలిక తిప్పాను. ఆ పలకని 'యు' ఎందుకో అందరికంటే పెద్దగా నోరు తెరిచింది. దానికి మూత పెడితే ముచ్చటైన సట్టి అయింది. 'ఎన్' కిటికీ అయింది. (ఈ పేర్లన్నీ నాకు ముసలితనంలో తెలిసినవి. ఆ రోజు నాకవి ఉత్త తెంపులు.) ఖాళీల్లో చుక్కలు పెట్టి, మూలల్లో తామరపూలు వేశాను. అత్త నా బుగ్గ గిల్లింది. పెళ్లయ్యాక అదే మొదటిసారి.

శుక్రవారం పొద్దున ఎదురు హోటల్లో మైకు ఊరెత్తిపోయేట్టు పాడుతోంది. మామ టెంకాయ కొట్టాడు. మా ఆయన బోర్డు మీది గుడ్డ లాగాడు. లాగిన చెయ్యి లాగినట్టే ఆగిపోయింది. ఆయన పదో తరగతి తప్పేదాకా చదివినవాడు.

"ఏందే ఇది? దీంట్లో ఒక్క అక్షరమన్నా ఉండాదా?"

"పదుండాయి, సూసుకో" అంది అత్త, నాకంటే ముందే.

మామకు ఇంగ్లీషు రాదు. కొడుకు ముఖం మాత్రం బాగా చదవగలడు. "కొంప ముంచినారు గదే అత్తాకోడళ్లు! దించరా దాన్ని, దించు!" అని కేకలేశాడు. మా ఆయన నిచ్చెనెక్కాడు. సరిగ్గా అప్పుడే మద్రాసు బస్సొచ్చి ఆగింది. రెండో కట్టుకు వచ్చిన ఒక ముసలామె, కుడిచెయ్యి గుడ్డలో వేసుకుని, కొడుకుతో దిగింది. ఎదురు హోటలు వైపు రెండడుగులు వేసి, మా బోర్డు చూసి నిలబడిపోయింది.

"ఇది ఎలుంబు యంత్రమా అమ్మా?" అని అడిగింది. ఎలుంబంటే అరవంలో ఎముక. మంత్రాలవాళ్లు రేకు మీద గీసిచ్చే యంత్రమనుకుంది.

అత్త కళ్లయినా ఆర్పలేదు. "మా కోడలు తలకు పోసుకోని ఏసిందమ్మా. లోపలికి రా, సూపు యేడిగా ఉండాది."

ముసలామె బాగున్న ఎడంచేత్తోనే దండం పెట్టింది. ఆమెను చూసి వెనకాలాయన పెట్టాడు. ఆయన్ను చూసి బస్సులో సగం మంది పెట్టారు. ఒకాయన తొందరలో నిచ్చెన మీదున్న మా ఆయన కాళ్లకు కూడా మొక్కేశాడు. మా ఆయన చప్పుడు చేయకుండా దిగొచ్చాడు. "ఉండనీరా, శుక్రారం పూట దించకూడదు" అన్నాడు మామ, అప్పుడే గుర్తొచ్చినట్టు. మధ్యాహ్నానికి సూపు అడుగంటింది. ఎవరో 'యు' మూత మీద కుంకుమ కూడా పెట్టిపోయారు. రంగులన్న కట్టు విప్పించుకోవడానికి వచ్చినప్పుడు బోర్డు చూసి చాలాసేపు తల గోక్కున్నాడు. "నేను అక్షరాలు రాసేవోణ్ణి సెల్లెమ్మా. నువ్వు వాటికి ఇండ్లు కట్టినావు" అన్నాడు. ఎదురు హోటలాయన కూడా ఒకసారి కాలు బెణికి, మా బోర్డు వైపు చూడనట్టు చూస్తూ, మా సూపు తాగిపోయాడు.

అక్షరాలు నేర్చుకున్నది బడిపంతులమ్మ అయిన నా కోడలు వచ్చాక, జుట్టు నెరిశాక. తెలుగయ్యాక ఇంగ్లీషు. రెస్టారెంటు అనే మాట ఫ్రెంచివాళ్లదని కోడలే చెప్పింది. సత్తువ తిరిగి తెచ్చేదని దాని అర్థమట. మొదట్లో హోటలుకు ఆ పేరే లేదట. నీరసపడ్డవాళ్లకు తాగించే మాంసపు చారును అట్లా పిలిచేవాళ్లట. పోనుపోను చారు పేరు కొట్టుకు అంటుకుందట. మామ బతికుంటే మీసం దువ్వేవాడు. ఇప్పుడు తిరుపతి పోయే బస్సులో కిటికీ పక్కన కూర్చుని, 'యు' మింగేసిన బోర్డులన్నీ పైకి చదువుకుంటూ పోతాను. జనం నా వైపు చూస్తారు. చూడనీ.

మొన్న మావాడు కొట్టుకు కొత్త ఫ్లెక్సీ వేయిస్తూ, "అమ్మా, స్పెల్లింగు ఒకసారి సూడు, అచ్చుకిచ్చేస్తా" అని ఫోను నా చేతిలో పెట్టాడు. చదివాను. వేలు పెట్టి మళ్లీ చదివాను. 'యు' ఉంది, కానీ అది 'ఏ'కి ముందుండాలా, వెనకుండాలా? నా కళ్లు సరిగ్గా చూస్తున్నాయా? అక్కడ ఫ్లెక్సీవాడు కాచుకుని ఉన్నాడు, ఇక్కడ నేను కోడలు బడినుంచి వచ్చేదాకా కూర్చున్నాను. ఆమె వచ్చి ఒక్క చూపు చూసి, "సరిగ్గానే ఉండాదత్తా, దీనికింత బయమా?" అని నవ్వింది. ఒక్క అక్షరమూ తెలియకుండా కుంచె ముంచి పదీ దించేసిన ఆ కొత్త కోడలు ఎక్కడైనా ఎదురుపడితే అడుగుదామనుంది, అంత ధైర్యం యాడినుంచి వచ్చిందే నీకు అని. అదేమో నన్ను కిందికీ మీదికీ చూసి, "సదూకోని నేర్సింది బయపడేదానికా అవ్వా?" అంటుంది. అనేరకమే అది.